ఎక్స్86, ఆర్మ్, రిస్క్-ఫైవ్: భద్రతను ముందు పెట్టుకుని ప్రాసెసర్‌ను ఎంచుకోవడం

సర్వర్లు మార్చబోయే సంస్థ కానివ్వండి, సొంతంగా ఒక పరికరాన్ని మార్కెట్‌లోకి తేవాలనుకునే స్టార్టప్ కానివ్వండి, పిల్లల చదువుకు ల్యాప్‌టాప్ కొనబోయే కుటుంబం కానివ్వండి, ప్రాసెసర్ మాట వచ్చేసరికి అందరూ మొదట అడిగేది వేగం గురించే. ఎన్ని కోర్లున్నాయి, ఎన్ని గిగాహెర్ట్జ్, బెంచ్‌మార్క్‌లో ఎంత స్కోరు వచ్చింది అన్న లెక్కలతోనే సగం నిర్ణయం అయిపోతుంది. ఫర్మ్‌వేర్ (పరికరంలోని చిప్‌లలోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) భద్రత నా వృత్తి కావడం వల్ల నేను ఈ వరుసను తలకిందులు చేయమని చెబుతుంటాను. ఈ చిప్‌లో లోపం బయటపడితే దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది, ఆ ప్యాచ్ మన యంత్రం దాకా ఏ దారిన వస్తుంది, ఎన్నేళ్లపాటు వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిశాకే ధరా వేగమూ చూడాలి. లోపమే లేని చిప్ కోసం వెతకడంలో అర్థం లేదు. 2018 నుంచి ఇప్పటిదాకా జరిగినవి గమనించినవారెవరూ అలాంటి చిప్ ఉందని అనరు.

ఇవాళ మన ముందున్న దారులు ప్రధానంగా మూడు. మొదటిది ఎక్స్86. 1978 నాటి ఇంటెల్ 8086తో మొదలైన ఈ కుటుంబానికి 2003లో ఏఎండీ 64 బిట్ల రూపం ఇచ్చింది. ఆచరణలో ఈ రెండు కంపెనీలే దీన్ని తయారుచేస్తున్నాయి. రెండవది ఆర్మ్. 1990లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఈ సంస్థ తన డిజైన్లకు, ఆదేశాల వ్యవస్థకు (ప్రాసెసర్ అర్థం చేసుకునే ఆదేశాల పట్టికకు) లైసెన్సులు ఇస్తూ ఎదిగింది; యాపిల్, క్వాల్‌కామ్, శామ్‌సంగ్, అమెజాన్ వంటివి ఆ లైసెన్సులతోనే తమ చిప్‌లను రూపొందించుకుంటున్నాయి. మూడవది రిస్క్-ఫైవ్. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ ఆదేశాల వ్యవస్థను ఎవరైనా లైసెన్సు రుసుము లేకుండా వాడుకోవచ్చు. దాని ప్రమాణాలను చూసే సంస్థ ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో నమోదై ఉంది. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆదేశాల వ్యవస్థ అందరిదీ అయినంత మాత్రాన దాన్ని అమలు చేసే చిప్ డిజైన్ కూడా అందరికీ కనిపిస్తుందని కాదు. ఐఐటీ మద్రాస్ రూపొందించిన శక్తి ప్రాసెసర్ మూలకోడ్‌ను ఎవరైనా చదవవచ్చు. మార్కెట్‌లో అమ్ముడయ్యే రిస్క్-ఫైవ్ చిప్‌లలో చాలా వాటి లోపలి డిజైన్ మాత్రం ఆర్మ్ చిప్‌ల మాదిరిగానే కంపెనీ గోడల మధ్యే ఉంటుంది.

లోపాలు ఏ కుటుంబాన్నీ వదల్లేదు

2018 జనవరి 3న స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడ్డాయి. తర్వాత ఏ ఆదేశం నడపాలో తేలేదాకా ప్రాసెసర్ ఖాళీగా ఉండదు; ఇటే వెళ్లవలసి వస్తుందని ఊహించి పని ముందే మొదలుపెడుతుంది, ఊహ తప్పితే ఆ ఫలితాన్ని పారేస్తుంది. పారేసిన పని తాలూకు జాడ మాత్రం ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న క్యాష్ మెమరీలో మిగిలిపోతుంది. ఏ డేటా త్వరగా అందుతోందో, ఏది ఆలస్యంగా అందుతోందో సమయం కొలిచి చూస్తే, తనకు చూసే అధికారం లేని సమాచారాన్ని కూడా ఒక ప్రోగ్రాం రాబట్టగలదని పరిశోధకులు నిరూపించారు. మెల్ట్‌డౌన్ ప్రధానంగా ఇంటెల్‌నూ, కొద్దిపాటి ఆర్మ్ కోర్లనూ తాకింది. స్పెక్టర్ ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ మూడింటినీ తాకింది. అదే సమయంలో ముందస్తు ఊహలతో ఇలా పరుగుపెట్టని సాదా కోర్లు, ఉదాహరణకు రాస్ప్‌బెర్రీ పై 3లో ఉన్న కార్టెక్స్ ఏ53 వంటివి, ఈ రెండింటికీ చిక్కలేదు. అంటే ప్రమాదం ఆర్మ్ అనే పేరులోనో ఎక్స్86 అనే పేరులోనో లేదు. వేగం కోసం ఆ కోర్ లోపల ఏ ఎత్తుగడలు వాడారన్నదానిలో ఉంది.

ఆ తర్వాత వచ్చినవి కూడా ఇదే చెబుతాయి. 2023 ఆగస్టులో ఇంటెల్ ఆరో తరం నుంచి పదకొండో తరం దాకా తాకిన డౌన్‌ఫాల్ బయటపడింది. దాని ప్యాచ్ వేసుకుంటే కొన్ని రకాల పనుల్లో వేగం సగం దాకా పడిపోవచ్చని దాన్ని కనిపెట్టిన పరిశోధకుడే హెచ్చరించారు. 2024 మార్చిలో యాపిల్ ఎం1, ఎం2 చిప్‌లలో గోఫెచ్ వెలుగుచూసింది. డేటాను ముందుగా తెచ్చిపెట్టే విభాగం ఎన్‌క్రిప్షన్‌కు వాడే రహస్య తాళాలను బయటపెట్టే దారి అయింది. సిలికాన్‌లో ఉన్న ఆ విభాగాన్ని ఈ రెండు చిప్‌లలో మార్చే వీలు లేదు కాబట్టి, భారమంతా క్రిప్టోగ్రఫీ లైబ్రరీలు రాసేవారి మీద పడింది. అదే ఏడాది ఆగస్టులో టీ-హెడ్ సంస్థ తయారుచేసిన సీ910 అనే రిస్క్-ఫైవ్ కోర్‌లో ఘోస్ట్‌రైట్ కనిపించింది. ఇది సమయం కొలిచి ఊహించే రకం దాడి కూడా కాదు. ఏ అధికారమూ లేని ఒక సాధారణ ప్రోగ్రాం నేరుగా భౌతిక మెమరీలో ఎక్కడైనా రాయగలదు. దీనికి విరుగుడు ఆ కోర్‌లో ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్కలు చేసే వెక్టర్ విభాగాన్ని పూర్తిగా ఆపివేయడమే. అంటే ఆ చిప్‌ను ఏ సామర్థ్యం కోసం కొన్నామో దాన్నే వదులుకోవాలి.

లోపాల సంఖ్యను పక్కపక్కన పెట్టి ఏ కుటుంబం మంచిదో తేల్చే వ్యాసాలు చాలా కనిపిస్తాయి గానీ, ఆ లెక్కకు నేను విలువ ఇవ్వను. ఎక్కువమంది పరిశోధకులు తవ్విన చోట ఎక్కువ లోపాలు బయటపడతాయి. చూడవలసింది లోపం బయటపడ్డాక ఏం జరిగిందన్నది. ఎక్స్86 చిప్‌లలో మైక్రోకోడ్ అనే పొర ఉంటుంది. చిప్ తయారై కొనుగోలుదారు చేతికి చేరాక కూడా కొన్ని ఆదేశాల ప్రవర్తనను దాని ద్వారా మార్చవచ్చు. డౌన్‌ఫాల్‌కు విరుగుడు ఆ దారిలోనే వచ్చింది. ఆర్మ్, రిస్క్-ఫైవ్ కోర్లలో సాధారణంగా ఇంత వెసులుబాటు ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానో, ఫర్మ్‌వేర్ ద్వారానో ఏదో ఒక విభాగాన్ని ఆపడమో, చుట్టుదారి పట్టించడమో చేయాలి. ఈ ఒక్క విషయంలో ఎక్స్86కు నేను స్పష్టంగా ఎక్కువ మార్కులు ఇస్తాను.

అయితే మైక్రోకోడ్ ఉన్నంత మాత్రాన అది అందరికీ ఒకే రోజున అందదు. 2023 జులైలో ఏఎండీ జెన్ 2 చిప్‌లలో జెన్‌బ్లీడ్ బయటపడినప్పుడు, సర్వర్లలో వాడే ఎపిక్ చిప్‌లకు ప్యాచ్ వెంటనే సిద్ధంగా ఉంది. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే రైజెన్ చిప్‌లకు మాత్రం ఆ ఏడాది చివరి నెలల గడువు ఇచ్చారు. లోపం ఒకటే, కంపెనీ ఒకటే, తేడా అల్లా కొనుగోలుదారు ఎవరన్నదే. 2024 ఆగస్టులో సింక్‌క్లోజ్ అనే మరో లోపం వచ్చినప్పుడు, 2017, 2018 నాటి రైజెన్ 1000, 2000 శ్రేణులకు మద్దతు గడువు ముగిసిందంటూ ప్యాచ్ ఇవ్వలేదు. ఏడేళ్ల కిందటి డెస్క్‌టాప్ మన ఆఫీసుల్లో ఇంకా మంచి యంత్రం కిందే లెక్క. కాబట్టి కొనే రోజునే ఆ చిప్ ఏ సంవత్సరంలో విడుదలైందో చూసుకుని, అక్కడి నుంచి లెక్క వేసుకోవాలి. మనం కొన్న తేదీ నుంచి కాదు.

ఇప్పటికే ఉన్న లైనక్స్ యంత్రాల పరిస్థితి తెలుసుకోవాలంటే ఖర్చేమీ లేదు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొడితే, చిప్ పేరు, కోర్ల సంఖ్య, క్యాష్ పరిమాణం తర్వాత చివర్లో వల్నరబిలిటీస్ అనే భాగం వస్తుంది. అందులో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ వీ2, రెట్‌బ్లీడ్ అంటూ ఒక్కో లోపానికి ఒక్కో వరుస ఉంటుంది. ఎదురుగా నాట్ ఎఫెక్టెడ్ అని ఉంటే ఆ చిప్‌కు ఆ బెడద లేదు. మిటిగేషన్ అని ఉంటే విరుగుడు పనిచేస్తోంది. వల్నరబుల్, నో మైక్రోకోడ్ అని ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ సిద్ధంగా ఉన్నా చిప్‌కు చేరవలసిన మైక్రోకోడ్ చేరలేదని అర్థం. ఆ చివరి మాట కనిపించిన యంత్రానికి బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేసి ఎన్నేళ్లయిందో అప్పుడే ఆరా తీయాలి. వేగం కోసం ఎవరో విరుగుళ్లను ఆపివేసి వదిలేసిన యంత్రాలు కూడా ఈ పట్టికలోనే దొరికిపోతాయి.

సర్వర్లకు

క్లౌడ్‌లో యంత్రాలు అద్దెకు తీసుకునేవారికి ఎంపిక కొంత సులువు. మైక్రోకోడ్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ల భారం క్లౌడ్ సంస్థది. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం మనదే బాధ్యత. 2018లో అమెజాన్ తన సొంత ఆర్మ్ చిప్ గ్రావిటాన్‌ను తెచ్చింది, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కోబాల్ట్‌నూ, గూగుల్ యాక్సియన్‌నూ తెచ్చాయి. ఒకే పరిమాణంలో ఆర్మ్ యంత్రాల అద్దె సాధారణంగా ఎక్స్86 కంటే తక్కువ. ధర కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. గ్రావిటాన్‌లో ఒక్కో వీసీపీయూ, అంటే క్లౌడ్ అద్దె లెక్కలోని ఒక్కో ప్రాసెసర్, ఒక్కో పూర్తి కోర్. ఇంటెల్ యంత్రాల్లో సాధారణంగా ఒకే కోర్‌ను రెండుగా చూపే హైపర్‌థ్రెడింగ్‌లో సగాన్ని ఒక వీసీపీయూగా లెక్కకడతారు. ఒకే కోర్‌ను పంచుకునే ఇద్దరి మధ్య సమాచారం కారిపోయే లోపాలు వరుసగా రావడంతో, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం 2018 జూన్‌లోనే హైపర్‌థ్రెడింగ్‌ను ముందస్తుగా ఆపివేసింది. పెద్ద క్లౌడ్ సంస్థలు ఇద్దరు వేర్వేరు ఖాతాదారులను ఒకే కోర్ మీద కూర్చోబెట్టకుండా జాగ్రత్త పడతాయన్నది నిజమే. అయినా అసలు పంచుకోవడమే లేని ఏర్పాటు మీద నాకు నమ్మకం ఎక్కువ. ఏఎండీ చిప్‌లతో నడిచే కొన్ని కొత్త శ్రేణుల్లో కూడా ఒక వీసీపీయూ అంటే ఒక పూర్తి కోర్ అనే పద్ధతి వచ్చింది కాబట్టి, ఎక్స్86 తప్పనిసరి అయినవారు ఆ శ్రేణులను ముందు చూడవచ్చు.

ఆర్మ్‌కు మారేముందు సాఫ్ట్‌వేర్ లెక్క చూసుకోవాలి. జావా, పైథాన్, గో, నోడ్ మీద రాసిన సేవలు ఆట్టే తిప్పలు పెట్టవు. ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. మొదటిది మూలకోడ్ మన చేతిలో లేని పాత బైనరీలు: బ్యాకప్ ఏజెంట్, మానిటరింగ్ ఏజెంట్, ఎప్పుడో కొన్న లైసెన్సు సర్వర్ వంటివి. వీటిలో ఒక్కదానికి ఆర్మ్ రూపం లేకపోయినా మొత్తం మార్పు ఆగిపోతుంది కాబట్టి, జాబితా రాసుకుని ఒక్కొక్కటిగా అమ్మినవారిని అడగాలి. రెండవది కంటికి కనిపించనిది. మెమరీలో రాసినవి ఇతర కోర్లకు ఏ వరుసలో కనిపించాలన్న నియమం ఎక్స్86లో కఠినంగానూ, ఆర్మ్‌లో సడలుగానూ ఉంటుంది. సీ, సీ ప్లస్ ప్లస్‌లో అనేక థ్రెడ్లతో రాసిన కోడ్‌లో ఎక్కడైనా లాక్ వేయడం మరచిపోయి ఉంటే, ఎక్స్86 మీద ఏళ్ల తరబడి బయటపడని తప్పు ఆర్మ్ మీద వారంలోనే బయటపడవచ్చు. తప్పు ఆర్మ్‌ది కాదు, కోడ్‌ది. కానీ అది ఖాతాదారుల లావాదేవీల మధ్య బయటపడకూడదు కదా. కొన్నాళ్లు రెండు రకాల యంత్రాలనూ పక్కపక్కన నడిపి, అసలు ట్రాఫిక్‌లో కొద్ది భాగాన్ని మాత్రమే ఆర్మ్ వైపు పంపుతూ పోవడం మంచి పద్ధతి.

సొంత డేటా సెంటర్‌లో యంత్రాలు కొని పెట్టుకునేవారికి నా సలహా వేరు. అక్కడ బయాస్, మదర్‌బోర్డు మీది నిర్వహణ కంట్రోలర్, మైక్రోకోడ్ అన్నీ మన నెత్తిమీదే ఉంటాయి. ఇంటెల్ చిప్‌సెట్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనీ, ఏఎండీ చిప్‌లలో ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ ప్రాసెసర్ అనీ ప్రధాన కోర్లతో సంబంధం లేకుండా నడిచే చిన్న ప్రాసెసర్లు ఉంటాయి. 2017 మే నెలలో ఇంటెల్ రిమోట్ నిర్వహణ సదుపాయంలో, సరైన పాస్‌వర్డు లేకుండానే లోపలికి రానిచ్చే లోపం బయటపడింది. ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎన్ని ప్యాచ్‌లు వేసినా అది మూసుకోదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయవలసిందే. కాబట్టి సర్వర్ తయారీదారు ఎన్నేళ్లు ఫర్మ్‌వేర్ ఇస్తారో టెండరులోనే రాయించాలి, నిర్వహణ పోర్టులను వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలి. ఆ ఒప్పందం ఎవరు గట్టిగా ఇస్తే వారి దగ్గరే కొనాలి. ఇంటెలా ఏఎండీనా అన్నది ఆ తర్వాతి మాట. రిస్క్-ఫైవ్ సర్వర్లను ఇప్పుడే అసలు పనిలో పెట్టమని నేను చెప్పలేను. 2025 ఆగస్టులో వచ్చిన లైనక్స్ రూపం డెబియన్ 13 దాన్ని అధికారికంగా చేర్చుకుంది, ఆర్‌వీఏ23 అనే ఉమ్మడి ప్రమాణం 2024 అక్టోబరులో ఖరారైంది. దారి సరైనదే గానీ, ఆ ప్రమాణానికి తగిన చిప్‌లు విరివిగా దొరికి, ఏళ్లపాటు ప్యాచ్‌లు వచ్చిన అనుభవం ఇంకా కూడాలి.

ఆస్పత్రుల రికార్డులో, బ్యాంకు లెక్కలో క్లౌడ్‌లో పెట్టేవారు కాన్ఫిడెన్షియల్ కంప్యూటింగ్ గురించి అడుగుతారు. మెమరీని చిప్పే ఎన్‌క్రిప్ట్ చేసే ఈ ఏర్పాట్లు, ఏఎండీ ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ కానీ ఇంటెల్ టీడీఎక్స్ కానీ, దూరం నుంచి వచ్చే దాడుల విషయంలో నిజంగా మేలు చేస్తాయి. అయితే 2025 అక్టోబరులో పరిశోధకులు మెమరీ స్లాటుకూ ర్యామ్‌కూ మధ్య ఒక చిన్న సర్క్యూట్ పెట్టి వీటిని ఛేదించి చూపారు. యంత్రాన్ని చేత్తో తాకగలిగినవారి నుంచి రక్షణ తమ హామీలో లేదన్నదే తయారీదారుల వైఖరి. సర్వర్ గదిలోకి ఎవరు వెళ్లగలరన్న ప్రశ్న మీకు ముఖ్యమైతే ఈ ఏర్పాటు ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ల్యాప్‌టాప్‌కు

ఇక్కడ ఎక్కువ చర్చ అక్కర్లేదు. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తోపాటు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లోనో, ఆన్‌లైన్‌లోనో తక్కువ ధరకు దొరికే ఆరో, ఏడో తరం రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లను విండోస్ కోసం కొనవద్దు. లైనక్స్ వేసుకోగలవారికైతే అవి ఇంకా పనికొస్తాయి. పాత డెస్క్‌టాప్ కొనేటప్పుడు ఇంటెల్ 13, 14 తరాల ఖరీదైన చిప్‌ల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కొన్ని చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని తేలి, 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ కొత్తగా జరిగే నష్టాన్ని ఆపుతుందే గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు.

2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో ఆర్మ్ విండోస్ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ నిలుస్తుంది, సాధారణ ఎక్స్86 ప్రోగ్రాములను అనువదించుకుని నడిపిస్తాయి. అనువాదం కుదరనివి కెర్నల్‌లో నడిచే డ్రైవర్లు. జీఎస్టీ రిటర్నులు, టెండర్ల కోసం డిజిటల్ సంతకం టోకెన్ వాడే అకౌంటెంట్లు, వేలిముద్రల పరికరం పెట్టుకునే సేవా కేంద్రాలవారు, పాత ప్రింటర్ మీద ఆధారపడినవారు ఆ పరికరానికి ఆర్మ్64 డ్రైవర్ ఉందో లేదో తయారీదారు సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. అది లేకపోతే ఎక్స్86 తీసుకోవడమే మేలు. యాపిల్ విషయంలో చిప్, ఆపరేటింగ్ సిస్టమ్, ప్యాచ్ మూడూ ఒకరి చేతిలోనే ఉండటం వల్ల అప్‌డేట్ దారి చిన్నది, నమ్మదగినది. ఆ ఒక్కరూ మద్దతు ఆపిన రోజున వేరే దారి సన్నగిల్లుతుందన్నది దాని మరో వైపు.

సొంత పరికరం తయారుచేసేవారికి

నిజమైన కష్టం ఇక్కడుంది. సర్వర్‌ను మార్చవచ్చు, ల్యాప్‌టాప్‌ను అమ్మేయవచ్చు. వేల ఇళ్లలో గోడకు బిగించిన మీటర్‌నో, పొలంలో పెట్టిన మోటారు కంట్రోలర్‌నో వెనక్కి తెప్పించడం అసాధ్యం. టీ-వర్క్స్ వంటి చోట నమూనా తయారుచేసుకునే దశలోనే ఈ ఆలోచన ఉండాలి, ఎందుకంటే చిప్‌లో మొట్టమొదట నడిచే కోడ్ ఉన్న బూట్ రోమ్ సిలికాన్‌లోనే చెక్కి ఉంటుంది, దాన్ని తర్వాత ఎవరూ మార్చలేరు. 2019 సెప్టెంబరులో బయటపడిన చెక్‌మేట్ అనే లోపం ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ ఎక్స్ దాకా వాడిన చిప్‌ల బూట్ రోమ్‌లో ఉంది. యాపిల్ అంతటి సంస్థ కూడా ఆ ఫోన్లలో దాన్ని సరిదిద్దలేకపోయింది.

ఆర్మ్, రిస్క్-ఫైవ్ రెండింటినీ ఒకే చోట పోల్చి చూడాలనుకునేవారికి ఆర్‌పీ2350 కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2024 ఆగస్టులో విడుదల చేసిన ఈ మైక్రోకంట్రోలర్‌లో (చిన్న పరికరాలను నడిపే చిప్‌లో) రెండు ఆర్మ్ కార్టెక్స్ ఎం33 కోర్లు, రెండు హజార్డ్3 రిస్క్-ఫైవ్ కోర్లు ఉంటాయి. యంత్రం మొదలయ్యేటప్పుడు ఏవి నడవాలో ఎంచుకోవచ్చు. భద్రత కోరుకునేవారు సంతకం ఉన్న కోడ్ మాత్రమే నడిచేలా చిప్ లోపలి ఫ్యూజులు (ఒకసారి కాలిస్తే వెనక్కి రాని అమరికలు) కాల్చి, రహస్య కోడ్‌ను మిగతా కోడ్ నుంచి వేరుచేసే ఆర్మ్ వైపున్న ట్రస్ట్‌జోన్‌ను వాడుకుని, రిస్క్-ఫైవ్ కోర్లను శాశ్వతంగా మూసేయవచ్చు. ఆ సంస్థ చేసిన మంచి పని ఏమిటంటే, చిప్‌లో దాచిన రహస్యాన్ని బయటకు తీసినవారికి బహుమతి ప్రకటించింది, మొదట 10,000 డాలర్లు, తర్వాత 20,000. ఒక పరిశోధకుడు ఫ్యూజులకు కరెంటు అందించే పిన్ మీద వోల్టేజీని క్షణకాలం పడగొట్టి, ఆ సమయంలో చిప్ ఫ్యూజులను తప్పుగా చదివేలా చేశారు. శాశ్వతంగా మూసేశామనుకున్న రిస్క్-ఫైవ్ కోర్లు, వాటితోపాటు చిప్ లోపలికి చూసే డీబగ్ దారి తెరుచుకున్నాయి. 2025 జనవరిలో ఫలితాలు ప్రకటించినప్పుడు విజేతలు ఒక్కరు కాదు, అనేకులు. సంస్థ వాటన్నిటినీ దాచకుండా ప్రచురించి, అదే ఏడాది సవరించిన కొత్త స్టెప్పింగ్‌ను (అదే చిప్ కొత్త రివిజన్‌ను) తెచ్చింది. ఇక్కడ లోపం ఆర్మ్‌లోనూ లేదు, రిస్క్-ఫైవ్‌లోనూ లేదు. ఫ్యూజులను చదివే సర్క్యూట్‌లో ఉంది. చిప్ కొనేటప్పుడు పేరుతోపాటు స్టెప్పింగ్ కూడా ఆర్డరులో రాయాలన్నది దీనివల్ల తేలే పని. ఈఎస్‌పీ32 అనే వైఫై మైక్రోకంట్రోలర్ విషయంలోనూ ఇదే జరిగింది: 2019లో పాత సిలికాన్‌లోని సెక్యూర్ బూట్‌ను (సంతకం ఉన్న కోడ్‌నే నడిపే ఏర్పాటును) ఇలాగే ఛేదించాక, తయారీదారు వీ3 రివిజన్ వాడమని సూచించారు. పాత సరుకు తక్కువ ధరకు ఇస్తామన్న వ్యాపారి మాటకు లొంగితే పాత రివిజనే వస్తుంది.

అయితే ఏ కుటుంబం? ఇప్పటి పరిస్థితిలో తాళాలు, చెల్లింపులు, వైద్యం వంటి భద్రత కీలకమైన పరికరాలకు నేను ఆర్మ్ కార్టెక్స్-ఎం వైపే మొగ్గుతాను. ట్రస్ట్‌జోన్‌తో ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజినీర్లు హైదరాబాద్‌లోనే సులభంగా దొరుకుతారు, ఉపకరణాలు పరిపక్వంగా ఉన్నాయి, ఎస్టీమైక్రో వంటి సంస్థలు ఎస్టీఎం32 చిప్‌లను పదేళ్లపాటు అందిస్తామని హామీ ఇస్తాయి. సెన్సర్లు, బల్బులు, వైఫై స్విచ్‌ల వంటి చౌక పరికరాలకు ఈఎస్‌పీ32-సీ3 వంటి రిస్క్-ఫైవ్ చిప్‌లు నిస్సంకోచంగా వాడవచ్చు. రిస్క్-ఫైవ్‌లో మెమరీని విభజించి కాపాడే పీఎంపీ ఉన్నా, ట్రస్ట్‌జోన్‌కు సాటిగా అందరూ ఒకేలా పాటించే ఏర్పాటు ఇంకా స్థిరపడలేదు. ఒక కంపెనీ చిప్ మీద నేర్చుకున్నది మరో కంపెనీ చిప్ మీద యథాతథంగా పనిచేయకపోవచ్చు. డిజైన్ బహిరంగంగా ఉండటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బహిరంగ డిజైన్‌లో తప్పులు ఎక్కువ కళ్లకు కనిపిస్తాయి, ఇది చిన్న మేలు కాదు. కానీ ఒకసారి సిలికాన్‌గా మారాక మూలకోడ్ మన చేతిలో ఉన్నా చిప్‌ను మార్చలేం. అందుకే రిస్క్-ఫైవ్ అమ్మే సంస్థను ఆర్మ్ అమ్మే సంస్థను అడిగే ప్రశ్నలే అడగాలి.

ఎన్‌క్రిప్షన్ విషయంలో ఒకే పద్ధతికి కట్టుబడని చిప్ తీసుకోండి. 2017 అక్టోబరులో ఇన్‌ఫినియాన్ చిప్‌లలో ఆర్ఎస్ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి తాళాల తయారీ లోపం బయటపడినప్పుడు ఎస్టోనియాలో దాదాపు 7.5 లక్షల గుర్తింపు కార్డులు ప్రమాదంలో పడ్డాయి. ఆ కార్డులు ఎలిప్టిక్ కర్వ్ అనే మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతిని కూడా నడపగలిగేవి కాబట్టి, చాలా కార్డులను దూరం నుంచే కొత్త తాళాలకు మార్చగలిగారు. ఆ రెండో దారి లేకపోతే కార్డులన్నిటినీ మళ్లీ ముద్రించవలసి వచ్చేది.

ఐరోపాకు ఎగుమతి చేయాలనుకునేవారికి ఇది చట్టం కూడా. అక్కడి సైబర్ రెసిలియన్స్ యాక్ట్ ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. పరికరం ఆయుష్షు అంతకంటే తక్కువైతే తప్ప కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి. చిప్ తయారీదారు మూడేళ్లకే సాఫ్ట్‌వేర్ కిట్‌ను వదిలేస్తే మిగతా రెండేళ్ల భారం మీ నలుగురైదుగురు ఇంజినీర్ల మీద పడుతుంది. మన దేశంలోనూ సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలను 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు.

చిప్ దొరకడం కూడా భద్రతలో భాగమే

2020 నుంచి 2022 దాకా సాగిన చిప్‌ల కొరతలో మామూలు మైక్రోకంట్రోలర్లు కూడా అనేక రెట్లు ధర పలికాయి. అధీకృత పంపిణీదారుల దగ్గర సరుకు లేక బ్రోకర్ల దగ్గర కొన్నవారికి పాత చిప్‌ల మీద కొత్త పేరు ముద్రించిన నకిలీలు అంటగట్టిన సందర్భాలున్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చిప్‌లో మీ సంతకపు తాళం పెట్టడం కంటే ఉత్పత్తిని కొన్నాళ్లు ఆపుకోవడమే నయం. బోర్డు గీసేటప్పుడే అదే పిన్‌లు, అదే కుటుంబంలో రెండో చిప్ ఏదో నిర్ణయించుకుని, రెండింటి మీదా ఫర్మ్‌వేర్‌ను పరీక్షించి ఉంచుకోవాలి.

కుటుంబం మార్చుకుంటే సరఫరా ప్రమాదం తగ్గుతుందన్న భ్రమ కూడా ఉంది. ఏఎండీ ఎక్స్86 చిప్‌లు, యాపిల్ ఆర్మ్ చిప్‌లు, ఇంటెల్ లూనార్ లేక్‌లోని ప్రధాన కంప్యూట్ భాగం సైతం తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ ఫ్యాబ్‌లలోనే (చిప్ కర్మాగారాల్లోనే) తయారవుతాయి. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో వచ్చిన భూకంపం అక్కడి ఫ్యాబ్‌లను కొన్నాళ్లు ఆపేసి ప్రపంచమంతటా మెమరీ ధరలను పెంచింది. ఆ తర్వాత తైవాన్ మీద ఆధారం పెరిగిందే తప్ప తగ్గలేదు. సరఫరా కోసం వైవిధ్యం కావాలనుకునేవారు ఆదేశాల వ్యవస్థను కాదు, ఏ ఫ్యాబ్‌లో ఏ నానోమీటర్ ప్రక్రియలో తయారవుతుందో అడగాలి. 40, 90 నానోమీటర్ల పాత ప్రక్రియల మైక్రోకంట్రోలర్లకు అనేక దేశాల్లో ఫ్యాబ్‌లున్నాయి, ఆ మేరకు చిన్న పరికరాల తయారీదారులు అదృష్టవంతులు. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా, తైవాన్ సంస్థ పీఎస్ఎంసీ కలిసి కడుతున్న ఫ్యాబ్ లక్ష్యం కూడా 28 నానోమీటర్లు, అంతకు పైబడిన ప్రక్రియలే. 2025 ఆగస్టులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ను ఆమోదించింది. ఇవి నిలదొక్కుకుంటే మనవారికి నిజమైన ప్రత్యామ్నాయం దొరుకుతుంది. అంతదాకా వీటిని లెక్కలోకి తీసుకుని ఉత్పత్తి తేదీలు ఖరారు చేయవద్దు.

చిప్ అమ్మే సంస్థతో మాట్లాడేటప్పుడు వారి భద్రతా బులెటిన్ల పేజీ చూపించమనండి. పాత లోపాలను తేదీలతో, ప్రభావితమైన రివిజన్లతో, విరుగుళ్లతో ప్రచురించిన సంస్థను నమ్మవచ్చు. ఆ పేజీ ఖాళీగా ఉంటే లోపాలు లేవని కాదు, వెతకలేదనో చెప్పలేదనో అనుకోవాలి. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా ఇస్తారో కాగితం మీద రాసి సంతకం చేయమనండి. బేరంలో ధర కాస్త పెరిగినా పర్వాలేదు గానీ, ఆ తేదీ రాయడానికి ఒప్పుకోని సంస్థ చిప్‌ను, అది ఎంత వేగమైనదైనా, ఏ కుటుంబానికి చెందినదైనా, బోర్డు మీద పెట్టకండి.